ఎండ గింజలోకి ఎట్లా చేరుతుందో మీ చేత్తో మీరే చూడండి

ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లల్ని నేను ఒక ప్రశ్న అడుగుతాను. మా నెల్లూరు వైపు పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు. విత్తినప్పుడు ఒక్కో గింజా గోటి మీద నిలిచేంత. మరి అన్ని వందల కిలోల బరువు ఎక్కడి నుంచి వచ్చింది? అందరూ రైతుల బిడ్డలే. యూరియా ఎప్పుడు చల్లాలో, నీళ్ళు ఎప్పుడు తీసేయాలో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అయినా జవాబు మాత్రం ఏటా ఒకటే: "మట్టిలోంచి టీచర్."

ఆ జవాబు తప్పని నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. బెల్జియం దేశపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ తొట్టిలో 200 పౌండ్ల ఎండు మట్టి పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులు, మన లెక్కలో 60 గ్రాములు కూడా లేదు. 1648లో అచ్చయిన ఈ సంగతి చెప్పినా పిల్లలు అనుమానంగానే చూస్తారు. అదే ఒక సుబాబుల్ మొద్దును పొయ్యిలో పూర్తిగా కాలనిచ్చి, మిగిలిన బూడిదను వాళ్ళ గుప్పిట్లో పెడితే తలలు ఊపుతారు. మొద్దును రెండు చేతులతో మోసుకొచ్చారు, బూడిద ఒక్క గుప్పిట్లో పట్టింది. మట్టి ఇచ్చిన ఖనిజాలు ఆ గుప్పెడే. మిగతాదంతా దాదాపు గాలీ నీళ్ళూ, వాటిని కలిపి కుట్టిన ఎండ.

ఆ కుట్టుపని పేరే కిరణజన్య సంయోగక్రియ. పరీక్షలో సమీకరణం రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్ళు చాలామంది ఉంటారు, దాన్ని కళ్ళతో చూసిన వాళ్ళు తక్కువ. చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. నేను పిల్లలతో చేయించే పద్ధతే ఇక్కడ చెప్తున్నాను. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ముందు సరుకులు

మందుల షాపులో టింక్చర్ అయోడిన్ అడగండి. దొరక్కపోతే గాయాలకు పూసే పోవిడోన్ అయోడిన్ ద్రావణం తెచ్చుకోండి. దాన్ని పలచటి డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్ళతో కలిపి, మొదట ఒక అన్నం మెతుకు మీద చుక్క వేయండి. మెతుకు నల్లటి నీలంలోకి తిరిగితే మీ అయోడిన్ పనికొస్తుంది. తిరక్కపోతే ఇంకొంచెం చిక్కగా కలపండి. గంజి ఉన్న చోట అయోడిన్ నీలమవుతుంది. ఇక్కడి పరీక్షల్లో సగం ఈ ఒక్క గుణం మీదే నడుస్తాయి.

ఇంకా కావలసినవి: సర్జికల్ స్పిరిట్ చిన్న సీసా, అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, ఒక గాజు గ్లాసు, ఒక గాజు సీసా, గరాటు, పరీక్షనాళిక, ఊదుబత్తి, క్లిప్పు, కొత్త బ్లేడు. కుండీలో ఒక చిక్కుడు మొక్క పెంచుకోండి, దాని ఆకు పలచగా ఉండి తొందరగా రంగు వదులుతుంది. ఉల్లికాడ జోలికి మాత్రం పోకండి. ఉల్లి తన సంపాదనను ఆకులో గంజిగా కాక చక్కెరలుగా ఉంచుకుంటుంది కాబట్టి, ఎంత ఎండలో పెట్టినా అయోడిన్‌కు నీలం రాదు.

రోజు కూడా చూసుకోవాలి. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే మనకు రోజుల తరబడి మబ్బే. అప్పుడు చేస్తే ఫలితం తేలదు. సంక్రాంతి వెళ్ళాక ఏ వారమైనా మంచిదే.

మొదటి పని: ఊపిరి బుడగలు లెక్కపెట్టడం

చెరువులో, కాలవ వారన నీళ్ళ లోపల తీగలా సాగే నాచు ఉంటుంది. బడి పుస్తకాల్లో దాని పేరు హైడ్రిల్లా. పచ్చగా తాజాగా ఉన్న నాలుగైదు కొమ్మలు తెచ్చి, కాడ చివర్లను నీళ్ళలోనే ఉంచి బ్లేడుతో కోయండి. గాలి తగిలితే కాడ మూసుకుపోయినట్టయి బుడగలు సరిగా రావు. కోసిన చివర పైకి ఉండేట్టు సీసాలో తలకిందులుగా ముంచండి. చిటికెడు వంట సోడా కలిపి ఎండలో పెట్టండి.

కాసేపటికి కోసిన చివర నుంచి సన్నటి బుడగలు దండ గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తాయి. గాజు గోడలకు అంటుకునే బుడగలను లెక్కలోకి తీసుకోకండి, అవి నీళ్ళు వేడెక్కి విడిచిన మామూలు గాలి. కాడ చివర నుంచి వచ్చేవే మన లెక్క. నిమిషానికి ఎన్నో రాసుకోండి. సీసాను వరండా నీడలోకి జరిపి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. తర్వాత గదిలోకి తీసుకెళ్ళండి. దండ పలచబడుతుంది, తెగుతుంది, ఆగిపోతుంది. మళ్ళీ ఎండలోకి తెండి. పిల్లలు ఇక్కడ ఊపిరి బిగబట్టి చూస్తారు. మొదటి బుడగ మళ్ళీ బయటపడగానే వేసే కేక పక్క తరగతికి వినిపిస్తుంది.

సోడా ఎందుకని అడిగితే ఇలా చూపించండి. కాచి చల్లార్చిన నీళ్ళలో ఇంకో కొమ్మ పెట్టండి. కాచినప్పుడు నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, అందుకని ఎండ ఎంతున్నా బుడగలు అరకొరగానే వస్తాయి. చిటికెడు సోడా వేసి ఆగండి, దండ మొదలవుతుంది. ఎండ ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ గాలి ఆక్సిజనేనని తేల్చుకోవాలంటే ఓపిక కావాలి. ఎక్కువ నాచును వెడల్పాటి గిన్నెలో గరాటు కింద ఉంచి, గరాటు కాడ మీద నీళ్ళు నిండిన పరీక్షనాళికను బోర్లించండి. రోజంతా మంచి ఎండలో ఉంచితే నాళిక పైభాగంలో గాలి చేరుతుంది. నాళికను వేలితో మూసి పైకి తీసి, మంట ఆర్పిన ఊదుబత్తి నిప్పు కొసను లోపలికి దించండి. కొస భగ్గున వెలుగుతుంది. ఈ బుడగలు వెలుతురులోనే, పచ్చటి భాగాల నుంచే వస్తాయని శాస్త్రవేత్త యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లో ఇలాగే నీళ్ళలో ఆకులు ముంచి చూసి చెప్పాడు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి ఊడి వచ్చిందనుకుంటారు. కాదు, అది నీళ్ళలోది. రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు 1941లో బరువైన రకం ఆక్సిజన్‌తో గుర్తుపెట్టిన నీళ్ళను నాచుకు ఇచ్చి చూస్తే, ఆ గుర్తు బయటికొచ్చిన గాలిలో తేలింది. మీ సీసాలో పైకి వస్తున్న ఒక్కో బుడగా ఎండ చీల్చిన నీళ్ళే.

ఆకు లోపల జరిగేది

తర్వాతి పనికి ముందు ఇంత తెలిస్తే చాలు. పత్రహరితం ఎండలోని ఎరుపు, నీలం వెలుగును ఎక్కువగా పట్టుకుంటుంది. ఆకుపచ్చను అంతగా పట్టుకోదు, అదే మన కంటికి వస్తుంది. పట్టుకున్న శక్తితో నీళ్ళు చీలుతాయి. ఆక్సిజన్ బయటికి పోతుంది. మిగిలిన ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ చేతులు మారుతూ పోయి ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ అనే రెండు పదార్థాలు తయారవుతాయి. వీటిని చార్జి ఎక్కిన బ్యాటరీలు అనుకోండి. ఎక్కువసేపు నిలవ ఉండవు, వెంటనే వాడెయ్యాలి.

వాడేది రెండో దశలో. ఆకు రంధ్రాల నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను రుబిస్కో అనే ఎంజైము పట్టి, లోపలున్న ఐదు కార్బన్ల పదార్థానికి అతికిస్తుంది. ఆ బ్యాటరీల బలంతో అది చక్కెర అవుతుంది. ఈ దారి మొత్తాన్ని రేడియోధార్మిక కార్బన్‌తో వెతికి పట్టుకున్నందుకు మెల్విన్ కాల్విన్‌కు 1961లో నోబెల్ వచ్చింది. రుబిస్కో చాలా నిదానం, సెకనుకు రెండు మూడు అణువులే. పైగా గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నదే 0.04 శాతం. అందుకే ఆకు ఆ ఎంజైమునే కుప్పలుగా పోసుకుంటుంది. ఆకులోని నత్రజనిలో పెద్ద వాటా దానికే పోతుంది. యూరియా తక్కువైతే వరి ఎందుకు పాలిపోతుందో, పాలిపోయిన చేలో గింజ ఎందుకు తగ్గుతుందో ఇందులోనే ఉంది.

శక్తి నిలవ ఉండటం అంటే చక్కెర లోపల ఎండ దాక్కుని ఉండటం కాదు. కార్బన్ నుంచీ హైడ్రోజన్ నుంచీ ఆక్సిజన్‌ను విడదీసి దూరంగా పంపడానికి ఖర్చయిన శక్తి అది. మళ్ళీ ఆక్సిజన్‌తో కలిస్తే తిరిగి వస్తుంది, పొయ్యిలో అయినా మన ఒంట్లో అయినా. 180 గ్రాముల గ్లూకోజు ఆక్సిజన్‌తో పూర్తిగా కలిస్తే దాదాపు 686 కిలోకేలరీలు. చక్కెర అణువుల్ని దండగా గుచ్చి పెడితే గంజి. మనం ఇప్పుడు వెతకబోయేది దాన్నే.

రెండో పని: ఆకు మీద నీడ బొమ్మ

చిక్కుడు కుండీని రెండు రోజులు చీకటి గదిలో పెట్టండి. ఆకులో ఉన్న నిలవ ఖర్చయిపోవాలి. మూడో రోజు పొద్దున్నే ఫాయిల్‌ను మీకు నచ్చిన ఆకారంలో కత్తిరించి, ఒక ఆకుకు రెండు వైపులా వచ్చేట్టు మడిచి క్లిప్పు పెట్టండి. మా పిల్లలు వాళ్ళ పేరులో మొదటి అక్షరం కత్తిరిస్తారు. కుండీని ఐదారు గంటలు మంచి ఎండలో ఉంచండి.

ఆకు తెంపి మరుగుతున్న నీళ్ళలో ఒక నిమిషం ముంచండి, మెత్తబడుతుంది. తర్వాత దాని పచ్చదనం తీసెయ్యాలి, లేకపోతే నీలం కనపడదు. దానికే స్పిరిట్.

ఇక్కడ పొయ్యి కట్టెయ్యాలి. గ్యాసు గానీ దీపం గానీ దగ్గర్లో వెలగకూడదు. నేను చదువుకునే రోజుల్లో స్పిరిట్ గ్లాసును సరాసరి మంట మీద పెట్టారు. ఆవిరికి నిప్పు అంటుకుని, ముందు బెంచీలో కూర్చున్న నా స్నేహితురాలి ఓణీ అంచు కాలింది. అదృష్టం కొద్దీ దాంతో పోయింది. అందుకే గట్టిగా చెప్తున్నాను: బాగా కాగిన నీళ్ళ గిన్నెను పొయ్యి దించి, పొయ్యి కట్టేసి, కిటికీ తీసిన చోటికి తెచ్చి, ఆ వేడి నీళ్ళ మధ్యలో స్పిరిట్ గ్లాసు నిలబెట్టి, అందులో ఆకు వెయ్యండి. పిల్లలు ఒంటరిగా చేయకూడదు.

పది నిమిషాల్లో స్పిరిట్ గోంగూర రసంలా పచ్చబడుతుంది, ఆకు పాలిపోతుంది. తెల్లబడకపోతే వేడి నీళ్ళు మార్చండి. స్పిరిట్‌లో ఆకు పెళుసవుతుంది కాబట్టి నెమ్మదిగా తీసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తెల్ల పళ్ళెంలో పరవండి. ఇప్పుడు అయోడిన్ చుక్కలు వేసి ఆగండి.

మొదట అంతా పసుపు గోధుమ రంగే. రెండు మూడు నిమిషాల్లో ఈనెల మధ్య నుంచి మచ్చలు మచ్చలుగా నలుపు ఎక్కుతుంది, మచ్చలు కలుస్తాయి, ఫాయిల్ ఉన్న చోటు మాత్రం అట్లాగే పాలిపోయి మిగిలిపోతుంది. మీరు కత్తిరించిన అక్షరం ఆకు మీద తెల్లగా కనబడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ సాక్స్ 1860ల్లో ఇలాంటి పరీక్షతోనే ఆకులోని గంజి వెలుతురు వల్ల పుట్టిందని నిరూపించాడు.

తెల్ల మచ్చల మనీ ప్లాంట్ ఆకుతో కూడా ఇదే చేసి చూడండి. ముందే ఆకు బొమ్మ గీసి పచ్చటి భాగాలు గుర్తు పెట్టుకుంటే చాలు, పచ్చ ఉన్న చోటే నీలం వస్తుంది.

మూడో పని: జమా, ఖర్చు

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, పుస్తకాలు మాత్రం దీన్ని పెద్దగా పట్టించుకోవు. అదే మొక్క నుంచి సాయంత్రం ఐదింటికి ఒక ఆకు, మర్నాడు సూర్యోదయానికి ముందు దాని పక్క ఆకు తెంపి, రెండింటికీ పైన చెప్పినట్టే చేసి ఒకే పళ్ళెంలో పెట్టండి. సాయంత్రపు ఆకు నల్లగా తేలుతుంది, తెల్లవారుజాము ఆకు చాలా పలచగా.

రాత్రంతా గంజి ఎక్కడికి పోయింది? కొంత చక్కెరగా మారి వేళ్ళకూ చిగుళ్ళకూ కాయలకూ వెళ్ళింది. కొంత మొక్క బతకడానికి ఖర్చయింది. పగలైనా రాత్రైనా మొక్క మనలాగే ఊపిరి తీస్తుంది. పగలు సంపాదన ఎక్కువ కాబట్టి ఆ ఖర్చు కనపడదు, అంతే. ఆవాల జాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో శాస్త్రవేత్తలు చూసింది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే: పగలు దాచిన గంజిని రాత్రి పొడవునా సమంగా వాడుతూ, సరిగ్గా తెల్లవారేసరికి దాదాపు ఖాళీ చేస్తుంది. నెలాఖరు దాకా జీతాన్ని సర్దుకొచ్చే ఇల్లాలి లెక్క అది.

ఈ జమాఖర్చులు నోటికొచ్చిన వాళ్ళు మన జిల్లాలో వేలమంది ఉన్నారు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళి అడగండి. గుంట నీళ్ళు పచ్చగా ఉన్నాయంటే నిండా కంటికి కనపడని నాచే. పగలంతా అది ఆక్సిజన్ వదులుతుంది, మధ్యాహ్నం దాటాక నీళ్ళలో ఆక్సిజన్ రీడింగు బాగా పెరుగుతుంది. చీకటి పడ్డాక నాచూ రొయ్యలూ అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి దాన్నే వాడుకుంటాయి. తెల్లవారుజామున రీడింగు అన్నిటికంటే తక్కువ. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే, మబ్బు పట్టిన రోజుల్లో రైతు కంటికి కునుకు పట్టనిదీ అందుకే. నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ కూడా అడగండి. నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల సాయంత్రం పీహెచ్ పెరుగుతుంది, పొద్దున్నకు దిగుతుంది. రైతును నాలుగు రోజుల రీడింగులు అడిగి, ఉదయం సాయంత్రం పక్కపక్కనే రాయండి. మీ చిక్కుడాకు చెప్పిన లెక్కే ఎకరాల నీళ్ళ మీద కనపడుతుంది.

పగలే గాలి పట్టుకోవాలన్న లెక్కను తప్పించుకునే మొక్కలు మెట్ట ప్రాంతాల్లో ఉన్నాయి. ఉదయగిరి వైపు గానీ కనిగిరి వైపు గానీ ఎండకు పగలు రంధ్రాలు తెరిస్తే ఉన్న నీళ్ళన్నీ ఆవిరైపోతాయి. నాగజెముడు రాత్రే రంధ్రాలు తెరిచి, గాలిని పులుపు పదార్థంగా మార్చి దాచుకుని, పగలు తలుపులు మూసుకుని దాంతో చక్కెర చేసుకుంటుంది. ఇంట్లో రణపాల ఉంటే నాలుక మీదే పరీక్ష: సూర్యోదయానికి చిన్న ముక్క నమిలి ఉమ్మేయండి, పుల్లగా ఉంటుంది. సాయంత్రం అదే మొక్క ముక్కలో ఆ పులుపు ఉండదు. మింగకండి, పశువులకు వేయకండి, అది వాటికి విషం. మన దేశంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ 1813లో రాసిన ఉత్తరంలో ఈ రుచి మార్పే చెప్పాడు.

నాలుగో పని: పొలంలో పోటాకు

ఇక చేలోకి దిగుదాం. చిరుపొట్ట దశలో ఉన్న వరి దుబ్బు నుంచి ఒక పిలక తెంపి, కాడను చుట్టుకుని ఉన్న ఆకు తొడుగుల్నీ కాడనూ బ్లేడుతో అడ్డంగా పలచగా కోసి అయోడిన్ వేయండి. నీలం ఎక్కుతుంది. కంకి రాకముందే వరి అక్కడ గంజి దాచిపెట్టుకుని, గింజలు నిండే రోజుల్లో తీసి పంపుతుంది. కోతకు ముందు అదే చోట మళ్ళీ కోసి చూడండి, రంగులో తేడా తెలుస్తుంది.

పూత అయిన వారం పది రోజులకు గింజ పాలు పోసుకుంటుంది. గింజను రెండు గోళ్ళ మధ్య నొక్కితే తెల్లటి చుక్క బయటికొస్తుంది. చుక్కను అరచేతిలో వేసుకుని అయోడిన్ కలపండి. అరచేతిలో నీలం పరుచుకుంటుంది. మా నాయన డెబ్బై ఏళ్ళ వయసులో మొదటిసారి ఇది చూసి చాలాసేపు చేతివైపే చూస్తూ నిలబడ్డాడు. "పాలు ఎన్నోసార్లు నొక్కి చూశా గానీ, ఇది ఎండేనా అమ్మా!" అన్నాడు. మొలగొలుకులు పండించిన రోజుల నుంచి నెల్లూరు మసూరి దాకా అన్నీ చూసిన మనిషి ఆయన.

గింజలోకి చేరే పిండిలో ఎక్కువ భాగం పూత తర్వాత పై ఆకులు సంపాదించిందే. అందులో పెద్ద వాటా అన్నిటికంటే పైనుండే పోటాకుది. దీన్ని తూచి చూడాలంటే ఒకే చేలో, ఒకే రోజు పైకి వచ్చిన పది కంకులను ఎంచుకుని రంగు దారాలు కట్టండి. ఐదింటికి పోటాకును మొదటికంటా కోసేయండి, ఐదింటిని ముట్టకండి. గట్టు పక్కవి వద్దు, వాటికి ఎండ ఎక్కువ తగులుతుంది. నెల రోజులకు పండాక రెండు గుంపుల్నీ విడివిడిగా నూర్చి, తాలు గింజలు ఎన్నో, నిండు గింజలు ఎన్నో లెక్కపెట్టి, నిండు గింజలను బంగారం కొట్టు త్రాసులో తూచండి. వంటింటి త్రాసుకు ఇంత చిన్న తేడా అందదు.

ఈ పరీక్ష చేసిన ఇంటివాళ్ళకు ఆకుముడత పురుగు కొత్తగా కనిపిస్తుంది. ఆకును గొట్టంలా చుట్టి లోపలి పచ్చదనాన్ని గోకి తెల్ల చారలు మిగుల్చుతుంది కదా, పోటాకు మీద ఆ చారలు పడితే గింజ అన్నం ముద్ద తగ్గినట్టే. అలాగని మందు మీద మందు కొట్టమని కాదు, యూరియా గుమ్మరించమనీ కాదు. యూరియా మితిమీరితే ఆకులు ఒకదానికొకటి నీడ వేసుకుంటాయి, కింది ఆకులు సంపాదించకుండా తింటూ ఉంటాయి, అగ్గి తెగులు పైన పడుతుంది. ఆకు రంగు పట్టికతో పోల్చి చూసి వెయ్యడం మేలు.

ఎండాకాలంలో ఎడగారు పైరు వేసే వాళ్ళు రాత్రి వేడిని కూడా రాసుకోండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు 2004లో వెలువడ్డాయి. ఎండాకాలపు పైరులో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే గింజ దిగుబడి 10 శాతం తగ్గిందని వాటిలో తేలింది. దీనికి ఒక కారణంగా రాత్రి ఊపిరి ఖర్చునే చెప్తారు.

త్రాసులో తూచిన అంకెల పక్కనే పోటాకు కోసిన తేదీ, కంకి పైకొచ్చిన నాటి నుంచి కోత దాకా మబ్బు పట్టిన రోజుల సంఖ్య కూడా రాసి, గింజల్ని ఆ కాగితంలోనే పొట్లం కట్టి పెట్టండి. వచ్చే కారులో అదే చేలో మళ్ళీ పది కంకులకు దారాలు కట్టి, కొత్త పొట్లాన్ని పాతదాని పక్కన పెట్టి తూచాలి.